బల్లి తోక చెప్పే మాట

గోడమీద బల్లి పలికితే పెద్దవాళ్ళు "సత్యం, సత్యం!" అనటం మీరు వినే ఉంటారు. పంచాంగం తిరగవేస్తే అందులో బల్లిపాటుకు ప్రత్యేకంగా ఒక పేజీ కూడా ఉంటుంది. బల్లి తలమీద పడితే ఏమిటి, భుజంమీద పడితే ఏమిటి అని ఫలితాలన్నీ అక్కడ వరసగా రాసి ఉంటాయి. ఆ శకునాల సంగతి అలా ఉంచండి. మన సంగతి కాక, తన సంగతి తానే చెప్పుకునే బల్లి ఒకటి ఉన్నది. అది చెప్పేది నోటితో కాదు, తోకతో!

దాని పేరు చిరుత బల్లి. పసుపుపచ్చని ఒంటినిండా నల్లని మచ్చలుండటం చేత దానికా పేరు వచ్చింది. జానెడు పొడుగుంటుంది. ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య భాగం దీని పుట్టిళ్ళు. అక్కడి రాతి కొండలలో పగలంతా బండల కింద నక్కి ఉండి, పొద్దుగూకినాక పురుగుల వేటకు బయలుదేరుతుంది. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియాన్ని చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ అనే ఆయన 1854లో దీనిని మొదటిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. దాని శాస్త్రనామం యూబ్లెఫారిస్ మాక్యులారియస్. పలకటానికి కష్టమేగాని అర్థం తేలిక: "మంచి రెప్పలూ, మచ్చలూ గలది" అని.

రెప్పలుంటే వింతేమిటి అంటారేమో! మన ఇంటి బల్లిని ఈసారి బాగా గమనించండి. అది రెప్ప వెయ్యదు. వెయ్యటానికి కదిలే రెప్పలు లేవు. కంట్లో దుమ్ము పడితే నాలుకతో నాకి తుడుచుకుంటుంది. చిరుత బల్లి అలా కాదు, మనలాగే కళ్ళు మూసి తెరుస్తుంది. అయితే ఇంటి బల్లికి ఉన్న విద్య ఒకటి దీనికి లేదు. దీని వేళ్ళకింద అంటుకునే మెత్తలు లేవు, గోళ్ళు మాత్రమే ఉన్నాయి. అందుచేత గోడలూ, గాజుపలకలూ ఎక్కలేదు. నేలమీద నడవవలసిందే.

సాధుస్వభావం గనక చాలా దేశాలలో పిల్లలు దీనిని పెట్టెలలో పెంచుతారు. అలా పెరిగేవాటిలో ఎక్కువ భాగం పెంపకందార్ల ఇళ్ళలో గుడ్లలోంచి వచ్చినవే. మార్కాపురంలోనో, గిద్దలూరులోనో ఒక ఇంటికి అలాంటి బల్లి ఒకటి వచ్చిందనుకోండి. మొదట బాగానే తిన్నది. ఆ తరువాత తిండి తగ్గించింది. నెల తిరిగేసరికి తోక సన్నపడింది. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు తోక సంగతి తెలుసుకోవాలి. రైతు పంట చేతికి వచ్చినప్పుడు గాదె నింపుకుంటాడు. పంటలేని నెలల్లో అందులోంచి తీసి వండుకుంటాడు. చిరుత బల్లికి గాదె దాని తోక. పురుగులు దొరికిన రోజుల్లో మిగిలిన బలాన్ని కొవ్వుగా మార్చి తోకలో దాచుకుంటుంది. దొరకని రోజుల్లో ఆ కొవ్వు కరిగించుకుని బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బల్లికి తోక లావు ఇంచుమించు మెడ లావు ఉంటుంది. తోక మెడకన్న బాగా సన్నబడి, ఎముకల గణుపులు బయటికి కనిపిస్తున్నాయంటే గాదె అడుగంటినదన్నమాట.

ఒక హెచ్చరిక: బల్లిని తోక పట్టుకుని ఎన్నడూ ఎత్తవద్దు. బెదిరితే అది తోక వదిలేస్తుంది. గాదె మొత్తం ఒక్కసారిగా పోయినట్టే! మళ్ళీ తోక మొలుస్తుంది గాని, అది నున్నగా, పొట్టిగా, ముల్లంగి గడ్డలాగా ఉంటుంది.

కంటితో చూసి బరువు చెప్పటం పొరపాటు. రోజూ చూసే వస్తువు కొంచెం కొంచెంగా మారుతుంటే మన కంటికి ఆనదు. అందుచేత తూచాలి. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. గ్రాములు చూపించాలి, అంతే. చిన్న డబ్బాలో బల్లిని ఉంచి తూచి, డబ్బా బరువు తీసివెయ్యండి. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే వేళకు తూచాలి. పెరిగిన చిరుత బల్లి మామూలుగా 50 నుంచి 80 గ్రాములుంటుంది. అంటే 60 గ్రాముల బల్లి ఇంచుమించు 5 తులాలు తూగుతుంది.

ఈ లెక్క దేనిమీద రాయాలి? మార్కాపురం పిల్లలకు అది చెప్పాలా! పలకమీద రాయండి. మీ అమ్మా నాన్నా అక్షరాలు దిద్దిన పలక ఆ చుట్టుపక్కల గనుల నుంచి వచ్చినదే కావచ్చు. పెట్టె పక్కన పలక తగిలించి నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో బరువు, మూడో గడిలో ఏం తిన్నదీ, నాలుగో గడిలో మలం ఎలా ఉన్నదీ రాయాలి. పలక నిండగానే పుస్తకంలోకి ఎక్కించి తుడవండి.

ఒక లెక్క చేద్దాం. మొదటి వారం బల్లి 60 గ్రాములున్నది. రెండో వారం 59, మూడో వారం 57, నాలుగో వారం 54. ఏ వారానికి ఆ వారం చూస్తే తగ్గినది ఒకటి, రెండు, మూడు గ్రాములే. కాని మొత్తం 6 గ్రాములు, అంటే నూటికి పది వంతులు! 50 కిలోల మనిషి నెలరోజుల్లో 45 కిలోలకు దిగితే ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా? నూటికి పది వంతులు తగ్గినదాకా వస్తే ఇక సొంతవైద్యం మాని డాక్టరుకు చూపించాలి. పిల్లబల్లి అయితే అంతదాకా కూడా ఆగకూడదు. దాని గాదె చిన్నది.

చాలామంది పిల్లలు బల్లి చిక్కిపోతుంటే కంగారుపడి పెట్టెలో ఇంకా ఇంకా పురుగులు పోస్తారు. ఆ ఇంటి పిల్లవాడు కూడా ఆ పనే చేసి, "అవ్వా, నేను రోజూ వేస్తానే ఉండా, అది మూతి తిప్పుకుంటాంది" అన్నాడనుకోండి. పశువుల్ని మేపి తల నెరిసిన ఆ అవ్వ ఏమంటుందో తెలుసా? "మన ఎద్దుకు ఒంట్లో బాగలేకపోతే, గాట్లో ఇంకో మోపు గడ్డి వేస్తే తింటాదా నాయనా? ముందు అదెందుకు తినటంలేదో చూడాల" అంటుంది. పశువైద్యులు చెప్పేదీ ఇదే.

అన్నిటికంటె ముందు చూడవలసినది వేడి. మనం తిన్నది అరగటానికి కావలసిన వేడి మన ఒంట్లోనే పుడుతుంది. బల్లి ఒంట్లో అలా పుట్టదు. దాని జఠరాగ్నికి పొయ్యి బయట ఉన్నదన్నమాట! ఒళ్ళు వెచ్చబడకపోతే తిన్న పురుగు కడుపులో అలాగే ఉండిపోతుంది. అరగదని తెలిసే అది తిండి మానేస్తుంది. చలిలో ఉన్న బల్లికి ఎంత మంచి పురుగు వేసినా ప్రయోజనం లేదు.

అందుచేత పెట్టెకు రెండు కొసలుండాలి. ఒక కొసన నేల 31 నుంచి 33 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వెచ్చగా ఉండాలి. రెండో కొస 25 డిగ్రీల దగ్గర చల్లగా ఉండాలి. రెండు కొసలా దాక్కునే గూడు ఉండాలి. వేడి కావలసినప్పుడు ఇటూ, వద్దనుకున్నప్పుడు అటూ అదే వెళుతుంది. వెచ్చని కొసకు పెట్టె అడుగున పెట్టే విద్యుత్తు చాప వాడతారు. దానికి థర్మోస్టాట్ తప్పక ఉండాలి, లేకపోతే బల్లి పొట్ట కాలుతుంది. వేడి ఎంత ఉన్నదో చేత్తో తాకి చెప్పకూడదు, థర్మామీటరు పెట్టి చూడాలి.

ఇక్కడ కూడా మార్కాపురం పలకరాయి పనికి వస్తుంది! నల్లమల పక్కనున్న ఈ రాయి వయస్సు వందకోట్ల ఏళ్ళు దాటింది. పూర్వం నీటి అడుగున పేరుకున్న బురద కాలక్రమాన నొక్కుకుపోయి గట్టిపడి, పొరలు పొరలుగా చీలే రాయి అయింది. పలకరాయి వేడిని పీల్చుకుని మెల్లిగా విడుస్తుంది. చిరుత బల్లిని పెంచే ఇతర దేశాలవాళ్ళు డబ్బిచ్చి పలకరాతి బిళ్ళలు కొని పెట్టెలో పరుస్తారు. మనకవి పెరట్లోనే దొరుకుతాయి. అంచులు మాత్రం గరుకురాతిమీద అరగదీసి మొద్దు చెయ్యాలి.

ఇసుక పోయవద్దు. పురుగుతోపాటు బల్లి ఇసుక మింగితే అది పేగులో గడ్డకట్టి అడ్డుపడుతుంది. తిండి మానటానికి అదీ ఒక కారణమే. జబ్బుగా ఉన్న రోజుల్లో రాయికి బదులు వట్టి కాగితం పరిచి, రోజూ మార్చటం మేలు. మలం కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

మన ఊళ్ళకు తగిన జాగ్రత్త మరొకటి ఉన్నది. పుస్తకాలలో వేడి పుట్టించటం గురించే ఎక్కువగా రాస్తారు. అవి చలిదేశాలవాళ్ళు రాసినవి. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింది గదిలో పెట్టె ఉంటే బల్లి వేడికే చచ్చిపోతుంది. ఎండాకాలం విద్యుత్తు చాప ఆపి, పెట్టెను ఇంట్లో అన్నిటికంటె చల్లని గదిలో నేలమీద పెట్టాలి. గదిలో వేడి 35 డిగ్రీలు చేరితే పెట్టె ఒక పక్కన తడిగుడ్డ కప్పండి. చలికాలం రాత్రులు నల్లమల మీదినుంచి చలిగాలి వీచినప్పుడు మటుకు వెచ్చదనం కావాలి.

వేడి సరిగానే ఉన్నదా? అయితే కళ్ళూ, వేళ్ళూ చూడండి. బల్లి అప్పుడప్పుడు కుబుసం విడుస్తుంది. విడిచినదాన్ని తానే తినేస్తుంది. గాలి బొత్తిగా పొడిగా ఉంటే కుబుసం పూర్తిగా ఊడదు. కళ్ళమీద మిగిలితే పురుగు కనిపించదు, కనిపించకపోతే వేటాడలేదు. వేళ్ళచుట్టూ మిగిలితే దారం బిగించినట్టు బిగుసుకుని వేళ్ళే పోతాయి. ఇందుకు మందు సులభమే. మూత ఉన్న చిన్న డబ్బాకు బల్లి పట్టేటంత కంత చేసి, లోపల తడిగుడ్డ పెట్టి పెట్టెలో ఉంచండి. లోతులేని పళ్ళెంలో మంచినీళ్ళు రోజూ మార్చండి. కళ్ళు లోపలికి పీక్కుపోయి ఉంటే ఒంట్లో నీరు తగ్గినదని గుర్తు.

తరువాత తిండి. ఇది అచ్చంగా పురుగులు తినే జంతువు. అన్నం, ఆకులు, పండ్లు దీనికి పనికిరావు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసినట్టు దీనికి కూడా పాలు పట్టబోతారు కొందరు. వద్దు, పాలు దానికి అరగవు. కీచురాళ్ళు, చిన్న మిడతలు, పిండిపురుగులు పెట్టవచ్చు. పురుగు బల్లి రెండు కళ్ళ మధ్య వెడల్పును మించకూడదు. ఆ పురుగులకు ముందురోజు ఆకుకూర, కారట్ తురుము పెట్టి కడుపు నింపాలి. ఆకలితో ఉన్న పురుగులో సారం ఉండదు. వెయ్యబోయేముందు డాక్టరు చెప్పిన కాల్షియం పొడి చల్లాలి. సున్నం చాలకపోతే బల్లి ఎముకలు మెత్తబడి, దవడ వంగి, నమలలేక చిక్కిపోతుంది.

పొలంలో మిడతలు పట్టి వెయ్యవచ్చుగదా అంటారా? మార్కాపురం వైపు పత్తి, మిరప పైర్లు విస్తారం. వాటికి పురుగుమందు కొడతారు. ఆ చేలలో పట్టిన మిడత విషపు గుళికతో సమానం. మిణుగురు పురుగు అయితే ఏ చేలోదైనా సరే, బల్లి జాతికి విషమే. అరగంటలో తినని కీచురాళ్ళను తీసివెయ్యాలి. లేకపోతే రాత్రి నీరసంగా పడుకున్న బల్లిని అవే కొరుకుతాయి.

ఇంకొక కారణం భయం. ఒకే పెట్టెలో రెండు బల్లులుంటే బలమైనది వెచ్చని చోటూ, తిండీ ఆక్రమిస్తుంది. రెండోది పోట్లాడకుండానే ఒక మూల కూర్చుని చిక్కిపోతుంది. రెండూ మగవయితే కొట్టుకుంటాయి. దేని పెట్టె దానికి ఉండాలి. కొత్తగా ఇంటికి వచ్చిన బల్లిని పొద్దస్తమానం చేతుల్లోకి తీసుకుంటే కూడా తినదు. కొన్నాళ్ళు దాని మానాన దాన్ని వదలండి. జత కట్టే కాలంలో మగబల్లి కొన్ని వారాలు తిండి తగ్గించటం కద్దు. తోక లావుగానే ఉండి, బరువు నిలకడగా ఉంటే అప్పుడు బెంగ అక్కర్లేదు. పలకమీది అంకెలు ఇక్కడ అక్కరకు వస్తాయి.

ఇవన్నీ సరిగా ఉండి, బల్లి తింటూ కూడా చిక్కిపోతుంటే కడుపులో ఏదో ఉన్నదన్నమాట. ఆరోగ్యమైన బల్లి మలంలో గోధుమరంగు భాగమూ, తెల్లని గడ్డా ఉంటాయి. ఆ తెల్లది దాని మూత్రం! ఎడారి జంతువు గనక నీళ్ళు వృథా కాకుండా అలా గట్టిగా విసర్జిస్తుంది. మలం నీళ్ళగా, దుర్వాసనగా ఉంటే తాజాదాన్ని చిన్న సీసాలో పెట్టి పశువైద్యశాలకు తీసుకుపోవాలి. గేదెల పేడలో పురుగుల గుడ్లు చూసే సూక్ష్మదర్శినితోనే బల్లి మలమూ చూడవచ్చు. అక్కడ తేలకపోతే గన్నవరంలోనూ, తిరుపతిలోనూ పశువైద్య కళాశాలలున్నాయి. మీ పలక లెక్క వెంట తీసుకుపోండి. రోగి నోరులేనిదైనప్పుడు డాక్టరుకు అంతకంటె విలువైన కాగితం లేదు.

ఆ రోగాలలో క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి వల్ల వచ్చేది చాలా చెడ్డది. తోక పుల్లలాగా అయిపోతుంది. దానికి ఖాయంగా నయం చేసే మందు లేదు; మామూలు క్రిమిసంహారకాలకు ఆ క్రిమి లొంగదు. ఒక బల్లి మలం నుంచి మరొక బల్లికి అంటుకుంటుంది. అందుకే చిక్కిన బల్లిని మిగతావాటికి దూరంగా, వేరే పళ్ళెం, వేరే గుడ్డలతో చూడాలి. బల్లిని తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాటి ఒంటిమీద సాల్మొనెల్లా అనే క్రిములుంటాయి. అవి బల్లిని ఏమీ చెయ్యకపోయినా మనకు విరేచనాలు తెప్పిస్తాయి. అయిదేళ్ళలోపు పిల్లల చేతికి బల్లిని ఇవ్వవద్దు.

చిక్కిన బల్లి నోరు తెరిచి పురుగు కుక్కటం మాత్రం ఎవరూ చెయ్యరాదు. దవడ విరుగుతుంది, తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు వెచ్చదనం, తరువాత నీళ్ళు, ఆ తరువాతనే తిండి. అదీ కొంచెం కొంచెంగా. గాదె ఒక్కరోజులో ఖాళీ కాలేదు, ఒక్కరోజులో నిండదు. తోక మళ్ళీ లావెక్కటానికి వారాలు, నెలలు పడుతుంది.

తల్లిదండ్రులకు ఒక్కమాట. చక్కగా చూసుకుంటే చిరుత బల్లి 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. అయిదో తరగతి పిల్లవాడికి కొనిస్తే, వాడు చదువు ముగించి ఉద్యోగంలో చేరేనాటికి కూడా అది ఉంటుంది. వాడు వేరే ఊరు పోతే దాన్ని చూసేదెవరో ముందే అనుకోవాలి. ఇంట పెంచటానికి ఏ నియమాలున్నాయో కొనేముందు అటవీశాఖవారిని అడగాలి.

అడవిలో కనిపించిన బల్లిని పట్టితెచ్చి పెంచటం మాత్రం వద్దేవద్దు. ఆంధ్ర, ఒడిషాల తూర్పు కనుమలలో ఈ చిరుత బల్లికి దాయాది ఒకటి ఉన్నది. అది వేరే జాతి అని శాస్త్రజ్ఞులు 2022లో గాని తేల్చలేదు. విషం ఉన్నదని భయపడి కొందరు దాన్ని చంపుతారు, అమ్ముకోటానికి కొందరు పడతారు. నిజానికి దానికి విషం లేదు. గిద్దలూరు అడవికి కూడా ఇలాంటి కథే ఉన్నది. మెరిసే నీలిరంగు సాలీడు ఒకదాన్ని గుత్తిలో దొరికిన ఒకేఒక సాలీడును చూసి పోకాక్ అనే ఆయన 1899లో వర్ణించాడు. వందేళ్ళ తరువాత, 2001లో, అది నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది.  ఈనాడు దాని సంతతి యూరప్, అమెరికాలలో గాజుపెట్టెలలో పెరుగుతున్నది. ఇక్కడ అడవిలో మాత్రం అంతరించే ప్రమాదంలో ఉన్నది.

మీ ఇంట్లో చిరుత బల్లి లేదా? దిగులు లేదు. దీపం దగ్గర పురుగులు పట్టే ఇంటి బల్లి కూడా తోకలో కొంత కొవ్వు దాచుకుంటుంది. వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర ఒకసారి మీ వసారాలోని బల్లుల తోకలు చూసి, ఎన్నిటికి లావో, ఎన్నిటికి సన్నమో పలకమీద రాయండి. తేడా ఉంటే ఎందుకు వచ్చిందో ఆలోచించండి.